దూరం నుంచి వార్మింట్ వేట: సింగిల్ షాట్ రైఫిల్ ఏది తీసుకోవాలి, ఎలా కుదుర్చుకోవాలి

ఒక్కసారికి ఒకే తూటా పట్టే రైఫిల్ అనగానే అందరూ అడిగేది ఒకటే, మరి రెండో షాట్ సంగతేంటి అని. జింక వేటలో, అదీ గాయపడి పరిగెడుతున్నప్పుడు, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. వార్మింట్ వేటలో అంత లేదు. 300 గజాల అవతల కన్నం దగ్గర నిలబడ్డ, ఉడుత జాతికి చెందిన ప్రెయిరీ డాగ్‌కి మొదటి బుల్లెట్ తగల్లేదంటే, అది ఎటు పక్కన పడిందో చూడాలి, గాలి ఎంత లాగిందో అంచనా వేసుకోవాలి, ఆ తర్వాతే కదా రెండోది. ఆ మధ్యలో చేత్తో ఇంకో తూటా పెట్టుకోడానికి పట్టే నాలుగైదు సెకన్లు ఏ మూలకి? పైగా మాగజైన్, అంటే వరసగా తూటాలు పట్టే పెట్టె, నిండుగా ఉంటే చెయ్యి ఊరుకోదు, టపటపా కాల్చేస్తాం, బ్యారెల్ వేడెక్కుతుంది, ఒకచోట గుంపుగా పడాల్సిన బుల్లెట్ల గ్రూపు చెదిరిపోతుంది. సింగిల్ షాట్ మనకి ఆ అవకాశం ఇవ్వదు. నా దృష్టిలో దాన్ని కొనడానికి అసలు కారణం ఇదే, పాతకాలపు అందం తర్వాతి సంగతి.

ఇక్కడ రాసేదంతా అమెరికాకి సంబంధించింది. పొలాలకీ పశువుల మేతకీ నష్టం చేస్తాయని రాష్ట్రాలు వేటకి అనుమతించిన చిన్న జంతువులనే వార్మింట్లు అంటారు. డకోటాలు, వ్యోమింగ్, మోంటానా వైపు ప్రెయిరీ డాగ్‌లు, తూర్పున పెన్సిల్వేనియా లాంటి చోట్ల అదే ఉడుత జాతికి చెందిన, లావుపాటి గ్రౌండ్‌హాగ్‌లు, దాదాపు అన్నిచోట్లా నక్కని పోలిన కయోటీలు.

ముందు చట్టం, తర్వాతే తుపాకీ

మన వాళ్ళలో ఎక్కువమందికి తెలియనిది ఇది. హెచ్‌1బి, ఎఫ్‌1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి రైఫిల్‌ని చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గడువు తీరని అన్న మాటని గట్టిగా పట్టుకోండి, లైసెన్స్ అయిపోయి రైఫిల్ ఇంట్లో ఉంటే చిక్కుల్లో పడ్డట్టే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. వీసా వాళ్ళు మాత్రం ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్స్ తీసుకుని, అవసరమైతే లాయర్‌ని ఒక మాట అడిగి, అప్పుడు షాపు గుమ్మం ఎక్కండి. ఇమిగ్రేషన్ ఫైలు కన్నా రైఫిల్ ఎక్కువేం కాదు.

నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఒకచోట ప్రెయిరీ డాగ్‌కి ఏడాది పొడవునా సీజన్, ఇంకోచోట కొన్ని నెలలు మూసేస్తారు. యూటా ప్రెయిరీ డాగ్ అనే రకం ఫెడరల్ రక్షణలో ఉంది, దాని జోలికి వెళ్ళకూడదు. సౌత్ డకోటాలో బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌లోని కొనాటా బేసిన్‌లో ప్రెయిరీ డాగ్‌ల మీద కాల్పులు నిషేధం, ఎందుకంటే అంతరించిపోయే స్థితికి వచ్చిన, ముంగిసని పోలిన బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్‌కి అక్కడ అవే తిండి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకైనా సీసం లేని బుల్లెట్లే వాడాలి. ప్రైవేటు భూమి అయితే రైతు అనుమతి లేకుండా కంచె దాటొద్దు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, గేటు ఎలా ఉందో అలాగే మూసి రావడం మాత్రం మర్చిపోకండి.

ఎంత గురి కావాలి

ఒక ఎమ్‌ఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, బుల్లెట్లు ఎంత మేర చెదిరాయో కొలిచే కోణం) అంటే 100 గజాల దగ్గర అంగుళం కన్నా కొంచెం ఎక్కువ, 300 దగ్గర మూడు అంగుళాల పైన. ప్రెయిరీ డాగ్ నిటారుగా నిలబడినా వెడల్పు మూడు అంగుళాల లోపే. అంటే ఒక ఎమ్‌ఓఏ రైఫిల్, మీరు తప్పు చేయకపోయినా, గాలి లేకపోయినా, 300 దగ్గర దాని శరీరమంత మేర అటూ ఇటూ చెదరగొడుతుంది. అందుకే ప్రెయిరీ డాగ్ పిచ్చి ఉన్నవాళ్ళు అర ఎమ్‌ఓఏ అని కొట్టుకుంటారు. గ్రౌండ్‌హాగ్ దానికన్నా బాగా పెద్దది, కయోటీ ఇంకా పెద్దది, వాటికి ఒక ఎమ్‌ఓఏ కొట్టే రైఫిల్ 250 గజాల దాకా హాయిగా సరిపోతుంది. కాబట్టి రైఫిల్ ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది దేన్ని, ఎంత దూరం నుంచి కొడతారు అన్నదే. ఇది తేలకుండా పెట్టే ఖర్చంతా గుడ్డిగా పెట్టినట్టే.

మూడు రకాలు, మూడు స్వభావాలు

మాగజైన్ లేని, బోల్ట్ అనే కడ్డీని వెనక్కి లాగి ముందుకి తోసి మూసే బోల్ట్ యాక్షన్‌ని సింగిల్ షాట్ అని ఒప్పుకోవడానికి కొందరికి మనసు రాదు, కానీ దూరం కొట్టడానికి అన్నిటికన్నా పనికొచ్చేది అదే. కింద మాగజైన్ కోసం రంధ్రం కొయ్యరు కాబట్టి రిసీవర్, అంటే తూటా పెట్టి తాళం వేసే మధ్య భాగం, గట్టిగా ఉంటుంది, స్టాక్, అంటే చేత్తో పట్టుకునే చెక్క, ఒకే ముక్క, బ్యారెల్ దేన్నీ తాకకుండా గాల్లో నిలుస్తుంది. సావేజ్ మోడల్ 12లో ఇలాంటి రకాలున్నాయి, మోంటానాలో తయారైన కూపర్ మోడల్ 21 కూడా ఈ జాతిదే, పాత రెమింగ్టన్ 40-ఎక్స్ దొరికితే అదృష్టం. బల్ల మీద పెట్టుకుని రోజంతా ప్రెయిరీ డాగ్‌లని కొట్టే ఉద్దేశం ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా దీనికే వెళ్ళండి.

ఫాలింగ్ బ్లాక్ అనేది అందరి మనసూ పారేసుకునే రకం. కింద లీవర్ లాగితే బ్లాక్ కిందికి దిగుతుంది, తూటా పెట్టి లీవర్ మూస్తే పైకి లేచి తాళం పడుతుంది. జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంట్ తీసుకున్న డిజైన్‌ని వించెస్టర్ కొని మోడల్ 1885గా తెచ్చింది, పెద్దదాన్ని హై వాల్ అనీ చిన్నదాన్ని లో వాల్ అనీ అంటారు, ఆ తర్వాత జపాన్‌లోని మిరోకు ఫ్యాక్టరీలో బ్రౌనింగ్, వించెస్టర్ పేర్లతో మళ్ళీ చేశారు. రూగర్ నంబర్ 1 అయితే 1960ల నాటిది, అందులో బరువైన బ్యారెల్‌తో వార్మింట్ కోసమే ప్రత్యేకంగా ఒక రకం వచ్చింది. వీటిలో ఉన్న సుఖం పొడవు. బోల్ట్ వెనక్కి జరగడానికి చోటు అక్కర్లేదు కాబట్టి అదే పొడవు బ్యారెల్‌తో మొత్తం రైఫిల్ నాలుగు అంగుళాల దాకా పొట్టిగా ఉంటుంది. 26 అంగుళాల బ్యారెల్ పట్టుకుని కంచెల వెంట నడవాలంటే ఆ తేడా భుజానికి తెలుస్తుంది. ఎడమచేతి వాటం వాళ్ళకి కూడా ఇది వరమే, ఎటువైపు వాళ్ళయినా ఒకేలా వాడొచ్చు.

బ్రేక్ యాక్షన్ మధ్యలో మడత పడి తెరుచుకుంటుంది. హెచ్ అండ్ ఆర్ హ్యాండీ రైఫిల్ తయారీ 2015లో ఆగిపోయింది కానీ సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా కనిపిస్తుంది, అందులో బరువైన బ్యారెల్ ఉన్న .223 (ఇది తూటా సైజు, వీటి సంగతి కింద చెప్తాను) మంచి బేరం. థాంప్సన్ సెంటర్ కాంటెండర్, ఎంకోర్‌లలో ఒకే ఫ్రేముకి బ్యారెళ్ళు మార్చుకోవచ్చు. చూసుకోవాల్సింది ఒకటుంది. కాంటెండర్ ఫ్రేము .22 హార్నెట్, .223 లాంటివాటికి సరే గానీ .22-250 స్థాయి వాటిని ఎంకోర్‌లోనే వాడాలి. ఎవరైనా పర్లేదు, పడుతుంది అన్నా వినకండి. ఈ రకంతో ఇంకో విషయం, మూసేటప్పుడు ప్రతిసారీ ఒకే బలంతో, ఒకే తీరుగా మూయండి. తాళం పడే తీరులో తేడా వస్తే గురిలోనూ వస్తుంది.

బయటికి కనిపించే హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) ఉన్న వాటి మీద స్కోప్, అంటే గురి చూసే దుర్బిణి, బిగిస్తే బొటనవేలుకి చోటు ఉండదు. పక్కకి పొడుచుకొచ్చే హ్యామర్ ఎక్స్‌టెన్షన్ చిన్న ముక్కే, తప్పకుండా పెట్టించండి. చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు హ్యామర్‌ని మెల్లగా దింపబోయి జారవిడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఫోరెండ్ దగ్గరే ఉంది కిటుకంతా

ఫాలింగ్ బ్లాక్, బ్రేక్ యాక్షన్ రెండిట్లోనూ స్టాక్ రెండు ముక్కలు. ముందు చెక్క, అంటే ఫోరెండ్, విడిగా స్క్రూతో బిగుస్తుంది. ఈ రైఫిళ్ళకి నిలకడ లేదు అన్న చెడ్డపేరు చాలావరకు ఇక్కడినుంచే వచ్చింది. రూగర్ నంబర్ 1లో రిసీవర్ నుంచి ముందుకి పొడుచుకొచ్చిన కమ్మీకి ఫోరెండ్ బిగుస్తుంది, దాని చెక్క బ్యారెల్‌ని ఎక్కడో ఒకచోట నొక్కుతుంటుంది. వానకి చెక్క ఉబ్బినా, ఎండకి ఎండినా, బ్యారెల్ వేడెక్కినా ఆ ఒత్తిడి మారిపోతుంది, మూడు బుల్లెట్లు ఒకచోట పడి తర్వాతి రెండూ పైకో పక్కకో పోతాయి. తుపాకీ తప్పు అనుకుని అమ్మేసేవాళ్ళున్నారు, పాపం తప్పంతా చెక్కది.

చేయాల్సింది వరసగా చెప్తాను. ముందు రైఫిల్‌ని ఉన్నదున్నట్టు కాల్చి చూడండి, బాగా కొడుతుంటే చెయ్యి పెట్టకండి. గ్రూపు నిలువుగా సాగుతుంటే ఫోరెండ్ విప్పి, చెక్క ఎక్కడ నిగనిగలాడుతోందో చూడండి, బ్యారెల్‌ని రాసుకున్న గుర్తు అది. అక్కడ సన్నటి ఉప్పుకాగితంతో మెల్లగా తీసి, బ్యారెల్ చుట్టూ సమానంగా సందు వచ్చేలా చేసి, లోపలి చెక్కకి పాలిష్ పట్టించండి, తేమ ఎక్కకుండా. హ్యాండీ రైఫిల్‌లో అయితే ఫోరెండ్ స్క్రూ దగ్గర ఒక రబ్బరు ఓ-రింగ్ వేసి బిగిస్తారు, చెక్క బ్యారెల్‌ని నేరుగా నొక్కకుండా. పైసా ఖర్చులేని పని, చాలాసార్లు ఫలితం కనిపిస్తుంది. స్క్రూని మాత్రం ఎప్పుడూ ఒకే బిగువుతో పెట్టాలి, టార్క్ రెంచ్ ఉంటే కొలత రాసిపెట్టుకోండి.

ఇసుక సంచి మీద పెట్టేటప్పుడు కూడా అంతే. ఫోరెండ్‌లో రిసీవర్‌కి దగ్గరగా ఉన్న చోటు సంచి మీద ఉండాలి, ప్రతిసారీ అదే చోటు, టేపు ముక్కతో గుర్తు పెట్టుకుంటే మేలు. బ్యారెల్‌ని సంచికి ఆనించొద్దు. బైపాడ్, అంటే రెండు కాళ్ళ స్టాండ్, ఫోరెండ్ కొనకి తగిలిస్తే అది చెక్కని లాగి బుల్లెట్ పడే చోటు మార్చేస్తుంది, కాబట్టి రెండు ముక్కల రైఫిల్‌కి బైపాడ్ కన్నా సంచో, షూటింగ్ స్టిక్సో నయం. బోల్ట్ యాక్షన్ వాళ్ళకి ఈ బాధల్లో దాదాపు ఏదీ లేదు.

ఏ తూటా

.223 రెమింగ్టన్ తీసుకోండి. మొదటి రైఫిల్ అయితే ఇంక ఆలోచించక్కర్లేదు. తూటాలు అంతటా దొరుకుతాయి, చవక, బ్యారెల్ త్వరగా అరగదు, 300 దాకా అన్నిటికీ సరిపోతుంది. బ్యారెల్ ట్విస్ట్, అంటే లోపలి గాడుల మెలిక, ఒకటి చూసుకోండి. 12 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే పాత బ్యారెళ్ళు 55 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) లోపు బుల్లెట్లకి, 8 లేదా 9 అంగుళాల ట్విస్ట్ ఉంటే 69 గ్రెయిన్ల లాంటి బరువైనవీ నిలబడతాయి.

ఇంకా దూరం కావాలంటే .22-250. చాలాకాలం ఎవరికి వాళ్ళు చేసుకున్న ఈ తూటాని రెమింగ్టన్ 1965లో తన పేరు మీదికి తీసుకుంది. 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి 3,680 అడుగుల వేగంతో పంపుతుంది, .223 అయితే 3,240 దగ్గర ఆగుతుంది. 1935 నాటి .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్లతో నాలుగువేల వంద అడుగులు దాటింది, కథలు కథలుగా చెప్పుకుంటారు. ఈ రెండూ వరసగా కాలిస్తే బ్యారెల్ గొంతుని తినేస్తాయి, సింగిల్ షాట్ నింపాదితనం వీటికి భలే కుదురుతుంది. 2004లో వచ్చిన .204 రూగర్‌కి వెనక్కి తన్నడం ఎంత తక్కువంటే బుల్లెట్ తగిలిన చోటు మీ స్కోప్‌లో మీకే కనిపిస్తుంది, పక్కన చూసి చెప్పే మనిషి లేనివాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. అయితే దీనికీ గాలిని లెక్కవేసుకోక తప్పదు. .22 హార్నెట్ 1930 నాటిది, అడుగున అంచు ఉన్న కేసు (తూటా ఇత్తడి గొట్టం) కాబట్టి సింగిల్ షాట్‌లో ముద్దుగా పనిచేస్తుంది, చప్పుడు తక్కువ, ఊళ్ళకి దగ్గరున్న పొలాల్లో బాగుంటుంది, కానీ 200 గజాలు దాటితే దాని మీద ఆశ పెట్టుకోకండి.

తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ళకి ఒక్క మాట. బోల్ట్‌కి ఉన్నంత తోసే బలం, లాగే బలం ఫాలింగ్ బ్లాక్, బ్రేక్ యాక్షన్ రెండిటికీ లేవు. మెడ మాత్రమే సైజ్ చేసిన, అంటే నొక్కి మళ్ళీ అసలు కొలతకి తెచ్చిన, కేసులు కొన్నిసార్లు లోపలికి పూర్తిగా వెళ్ళవు, లేదా కాల్చాక ఇరుక్కుంటాయి. కేసు మొత్తం సైజ్ చేయండి, తుపాకీ మందు గరిష్ఠానికి ఒక మెట్టు కిందే ఉంచండి.

స్కోప్, జీరో, గాలి

రైఫిల్ మీద మిగిలిన డబ్బు స్కోప్ మీద పెట్టండి, నిజానికి ముందే పక్కన పెట్టండి. 6 నుంచి 24 రెట్లు దాకా పెద్దది చేసి చూపేది, పారలాక్స్ (కన్ను కదిలితే గురి గీత జరిగినట్టు కనిపించడం) సరిచేసుకునే వీలున్నది చాలు. నంబర్ 1లో స్కోప్ బాగా ముందుకి బిగుస్తుంది కాబట్టి కంటికి దూరమై నల్లటి అంచు కనిపిస్తుంది. కొనేముందే రైఫిల్ భుజానికి ఎత్తి చూసుకోండి, వెనక్కి జరిపే ఆఫ్‌సెట్ రింగులు దొరుకుతాయి. మధ్యాహ్నం నేల నుంచి వేడి ఆవిరి లేచి బొమ్మ వణుకుతుంటే 24 మీద పెట్టి తిట్టుకునే బదులు 12కి దించేయండి.

200 గజాల దగ్గర జీరో చేయండి, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోప్ సరిచేయండి. 55 గ్రెయిన్ల .223 అప్పుడు 100 దగ్గర అంగుళంన్నర పైన, 300 దగ్గర సుమారు ఏడు అంగుళాలు కింద, 400 దగ్గర ఇరవై ఒకటి దాకా కింద పడుతుంది. ఇవి దారి చూపడానికే, మీ బ్యారెల్ అంకెలు మీరే కాల్చి రాసుకోవాలి. దూరం కొలవడానికి లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా వెళ్ళకండి, గడ్డి బయలులో కంటి అంచనా ఎవరినైనా మోసం చేస్తుంది.

కిందికి పడటం అంకెల్లో దొరుకుతుంది, గాలి దొరకదు. గంటకి 10 మైళ్ళ అడ్డగాలికి అదే .223 బుల్లెట్ 300 గజాల దగ్గర దాదాపు పది అంగుళాలు, 400 దగ్గర ఇరవై దాకా పక్కకి పోతుంది. .22-250 కొంత మెరుగే, అంతేగానీ గాలిని గెలవదు. అంటే గాలి మీరు అనుకున్నదానికన్నా 5 మైళ్ళు ఎక్కువ ఉన్నా 300 దగ్గర ప్రెయిరీ డాగ్ పూర్తిగా తప్పిపోతుంది. గడ్డి ఎటు వాలుతోందో, దుమ్ము ఎటు లేస్తోందో, ముఖ్యంగా మీ దగ్గర కాదు, దారి మధ్యలో ఎలా ఉందో చూడండి. పొద్దున్నే గాలి లేనప్పుడు దూరం కొట్టి, గాలి లేచాక దగ్గరివి చూసుకోవడం తెలివైన పద్ధతి.

పొలంలో

కాల్చడానికి సిద్ధమయ్యేదాకా తూటా పెట్టకండి. కాలుతున్న చాంబర్లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, తూటాని ఉంచితే మందు వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, బుల్లెట్ పైకి పడుతుంది. బ్యారెల్ మీద చెయ్యి వేసి ఐదు సెకన్లు ఉంచలేకపోతే యాక్షన్ తెరిచి, నీడలో పెట్టి, బైనాక్యులర్స్ తీయండి. ఒకే కాలిబర్ రెండు రైఫిళ్ళు మార్చి మార్చి వాడేవాళ్ళూ ఉన్నారు, స్తోమత ఉంటే మంచిదే.

స్కోప్ బ్యారెల్ కన్నా అంగుళంన్నర పైన ఉంటుందని గుర్తుంచుకోండి. స్కోప్‌లో దారి ఖాళీగా కనిపిస్తుంది, బ్యారెల్ మూతి ముందు మట్టిదిబ్బో, ట్రక్కు బానెట్టో ఉంటుంది. అన్నట్టు, వాహనంలోంచి కాల్చడం చాలా రాష్ట్రాల్లో నేరం. బుల్లెట్ వెనక మట్టి కట్ట ఉందా అన్నది ప్రతి షాట్‌కీ చూడండి. తేలిక వార్మింట్ బుల్లెట్లు నేల తాకగానే చాలావరకు ముక్కలైపోతాయి, కానీ చదును నేల మీద తక్కువ కోణంలో తగిలితే ఎగిరి పోవని ఎవరూ హామీ ఇవ్వలేరు. దిబ్బ అంచున ఆకాశం వెనకగా కనిపించే జంతువుని వదిలేయండి. చెవులకి మఫ్స్, కళ్ళకి అద్దాలు ఎలాగూ తప్పవు.

చచ్చిన ప్రెయిరీ డాగ్‌ని చేత్తో ముట్టుకోవద్దు, దాని మీద ఉండే పేలల్లాంటి చిన్న ఫ్లీ పురుగులు ప్లేగు మోస్తాయి. కుక్కని కూడా కన్నాల దగ్గరికి వదలకండి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, పురుగుల మందు స్ప్రే చేసుకుని వెళ్ళండి. వేటాడి వచ్చిన వారం పదిరోజుల్లో జ్వరం, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళ కడితే డాక్టరుకి ఎక్కడ తిరిగారో చెప్పండి, త్వరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గే జబ్బే.

ఇంటికొచ్చాక బ్రేక్ యాక్షన్‌ని, బోల్ట్ తీసిన రైఫిల్‌ని వెనకనుంచి శుభ్రం చేయండి. ఫాలింగ్ బ్లాక్‌లో మూతి వైపు నుంచి రాడ్ పెట్టాల్సి వస్తే రాడ్ మూతికి రాసుకోకుండా ఆపే మజిల్ గైడ్ వాడండి, లేదా బ్యారెల్ లోంచి లాగి శుభ్రం చేసే కేబుల్ కొనుక్కోండి, మూతి అంచు కాస్త గీసుకుపోయినా గురి పోతుంది. ఫోరెండ్ విప్పితే మాత్రం మళ్ళీ జీరో చూసుకోకుండా వేటకి వెళ్ళకండి.